ఎండకు వంతు

అంకమ్మ అరికాలు అబద్ధం చెప్పదని తెల్లగట్ల పాలెంలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన సంగతే. ఉప్పు మడిలో నీళ్ళు ఏ పాకాన ఉన్నాయో చూడ్డానికి మడులన్నీ కలిసిన కొఠారులో మేస్త్రీల దగ్గర గాజు గొట్టం ఒకటి ఉంటుంది. నీళ్ళలో వేస్తే తేలి అంకె చూపిస్తుంది. అంకమ్మకు ఆ అంకెలు రావు, ఆ గొట్టంతో పనీ లేదు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని మడిలో దిగి, కుడికాలు రెండుసార్లు అటూ ఇటూ ఆడించి, "ఇంకా రెండు పొద్దులు ఆగాల" అన్నదంటే ఆగాల్సిందే. ఆగకుండా ఆత్రపడి తూము తీసినవాడి ఉప్పు సున్నం కలిసి, బూడిద రంగు తిరిగి, చేపలు ఊరెయ్యడానిక్కూడా పనికిరాకుండా పోయేది.

ఉప్పు పని చూడ్డానికి తేలిక. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలవ నీళ్ళు మొదటి మడికి పెట్టుకోవాల. అక్కడ ఎండకు చిక్కబడితే రెండో మడికి తియ్యాల. రెండో మడిలో సున్నం అడుక్కు దిగిపోద్ది, చట్టిలో పాలు అడుగంటినట్టు. పైన మిగిలిన తేట నీళ్ళను మూడో మడికి వదిలితే అక్కడ ఉప్పు పూస్తుంది. కాలవ నీళ్ళు అందరికీ ఒక్కసారే చాలవు గనక నలభై కుటుంబాలూ వంతులేసుకున్నాయి. ఈ పోటు నీది, రేపటి పోటు నాది. ఆ వంతుల మీద మాట పెరిగినా, జుట్లు పట్టుకున్నా, వంతు మాత్రం ఎవడూ తప్పలేదు. ఇక మిగతా పనంతా చేసేది మనిషి కాదు, ఎండ.

ఆ ఎండే మనుషుల్ని తినడం మొదలుపెట్టింది. అంకమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నడి వైశాఖంలో కూడా మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి లేచి, ఒళ్ళంతా తడిగుడ్డ కప్పినట్టుండేది. ఇప్పుడు శివరాత్రి వెళ్ళకముందే నిప్పులు. రావాల్సిన నెలలో రాని వాన, ఉప్పు కుప్ప పోసుకున్న రోజున వచ్చి మొత్తం కరిగించుకుపోతుంది. ఆరేళ్ళ కిందట అంకమ్మ మొగుడు ఏడుకొండలు మడిలో ఉప్పు పోగుచేసే చెక్క పలక లాగుతా లాగుతా బోర్లా పడిపోయాడు. ప్రాణమైతే దక్కింది గానీ, నాలుక సగం పడిపోయింది, ఒంటికి చెమట పట్టడం మానేసింది. "వేడిలో గంటసేపు ఉంటే మనిషి మిగలడు" అన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఎండాకాలమంతా ఆయనకు లోపలి గదే ఊరు. నులక మంచం, పైన తడిపిన గోనెపట్టా, పక్కన కుండ. వాకిట్లో గచ్చకాయలాడినంత సులువుగా నలభై ఏళ్ళు మడుల్లో తిరిగిన మనిషి!

ఆ రోజుల్లోనే పాలేనికి హైమ వచ్చింది. కర్నూలు పిల్ల, పెద్ద చదువులు చదివింది, ముప్ఫై ఆరేళ్ళుంటాయి. కొఠారు చివర దిబ్బమీద ఇనప స్తంభం లేపి, దానికి సన్నటి గొట్టాలు చుట్టించి, పొద్దస్తమానం దానికిందే నిలబడి తల పట్టుకునేది. అందరూ దూరంగా చూసి పోయేవాళ్ళు. అంకమ్మకు నోరు ఊరుకోదు గదా.

"ఏందమ్మా అది? పెళ్ళిలో పన్నీరు చల్లే బుడ్డికి అన్నలాగుందే!"

హైమ నవ్వింది. "అట్లాంటిదే పెద్దమ్మా. సముద్రం నీళ్ళను పొగకంటే సన్నగా చేసి పైకి చల్లుతాం. ఆ తుంపర పోయి మబ్బులో కలిస్తే మబ్బు తెల్లబడుతుంది. తెల్లబడిన మబ్బు ఎండను వచ్చిన దారినే తిప్పి పంపుతుంది."

అంకమ్మ ఆలోచించింది. "నల్ల గొంగడి కప్పుకున్నోడికి మంట, తెల్ల పంచె కప్పుకున్నోడికి చల్లన. మబ్బుకు తెల్ల పంచె కడతావన్నమాట."

"ఈ ఒక్క మాట చెప్పడానికి పై ఆఫీసులో నేను రెండు గంటలు బొమ్మలు చూపించాను పెద్దమ్మా!"

"మరి కట్టవేం?"

"గొట్టాల మొనల్లో ఉండే నాజిళ్ళు పూడుకుపోతున్నాయి. వాటి బెజ్జాలు కంటికి ఆనవు. గంట తిరక్కముందే తెల్లగా గడ్డకడుతున్నాయి. ఉప్పు వడగట్టడానికి ఆరు రకాల జల్లెడలు మార్చాను."

అంకమ్మ ఆ తెల్లటి పొరను గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. ఉమ్మేసింది. "ఇది ఉప్పెక్కడిదమ్మా తల్లీ, సున్నం! పచ్చి నీళ్ళు పోశావు. రెండో మడిలో సున్నం దిగనిచ్చి, ఉప్పు పూయకముందే ఆ తేట నీళ్ళు తీసుకెళ్ళి పోసుకో. చూస్తువుగాని."

హైమ చూసింది. తేట నీళ్ళు పోసిన నాజిళ్ళు వారమైనా పూడలేదు. పైగా ఆ నీళ్ళు చిక్కన గనక, ఒక్కో తుంపరలో ఉప్పు ఎక్కువై మబ్బు ఇంకా తెల్లగా తేలింది. ఆ పిల్ల అంకమ్మను గట్టిగా వాటేసుకుంటే, తడి చీర, ఉప్పు చేతులు, "నీ మంచి బట్టలు, నీ మంచి బట్టలు" అని అంకమ్మ అంటూనే ఉంది.

రెండేళ్ళు తిరిగేసరికి తీరం పొడుగునా పద్దెనిమిది స్తంభాలు లేచినాయి. అన్నిటికీ నీళ్ళు పోయేది తెల్లగట్ల పాలెం నుంచే, పెద్ద గొట్టంలో. ఆ నీళ్ళు పండాయా లేదా చూసి తూము తీసేది అంకమ్మ. మొదట్లో హైమ గాజు గొట్టం పెట్టి సరిచూసుకునేది. నెల రోజులు చూసింది, రెండు నెలలు చూసింది, ఎప్పుడూ కాలు చెప్పిందే గొట్టమూ చెప్పింది. చివరికి గొట్టాన్ని కడిగి బీరువాలో పెట్టేసింది. "నీ కాలుండగా ఇది ఎందుకు పెద్దమ్మా!" అంది. పప్పూ నెయ్యీ తిని పెరిగిన పిల్ల, అంకమ్మ చేతి ఎండ్రొయ్యల పొడికి అలవాటుపడి, "మా అమ్మకు చెప్పొద్దు" అని కళ్ళెర్రజేసి బెదిరించేది కూడా.

మబ్బు కమ్మింది. నల్లమబ్బు కాదు, వాన మబ్బు కాదు. ఉతికి ఆరేసిన దుప్పటిలాగా పొద్దుటినుంచి సాయంత్రం దాకా సముద్రం మీంచి ఒంగోలు దాకా పరుచుకుని ఉండేది. నడి మేలో ఒకనాడు ఏడుకొండలు గోనెపట్టా తీసేసి, గోడ పట్టుకుని, గడప దాటాడు. తర్వాత వీధి దాటాడు. టీ కొట్టు దాకా నడిచిపోయి బల్ల మీద కూర్చుని, సగం నాలుకతో "టీ" అన్నాడు. అంకమ్మ వెనకాలే పోయి, గోడ చాటున నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడ్చిన సంవత్సరమే ఉప్పు పూయలేదు.

మొదటి మడి నీళ్ళు మొదటి మడిలోనే ఉండిపోయినాయి. ఎండ లేకపోతే ఏం చిక్కబడతాయి? స్తంభాలకు పోయే నీళ్ళను మాత్రం ఆఫీసువాళ్ళు కరెంటు పొయ్యిల మీద కాచి అరపాకానికి తెచ్చి, సున్నం దిగడానికి వేరే మడిలో నిలవబెట్టేవాళ్ళు. జనం మడులకు పొయ్యిలు ఎవరిస్తారు? రెండో ఏడూ అంతే. మూడో ఏడు సగం గడిచేసరికి సర్కారు నోటీసు వచ్చింది. మూడేళ్ళు వరసగా ఉప్పు తీయని మడుల లీజు రద్దు. జూన్ లోపల కొఠారులో ఉప్పు కుప్ప కనపడకపోతే ఆ నేల రొయ్యల చెరువులకు ఇచ్చేస్తారు.

కొఠారు మేస్త్రి చిట్టెమ్మ. ఏడుకొండలు చెల్లెలు, అంటే అంకమ్మకు సొంత ఆడబిడ్డ. నోటీసు చదివించుకుని తిన్నగా వాకిట్లోకి వచ్చింది.

"ఏం వదినా, సల్లగుండావా? మా అన్నను ఎండ కొట్టిందని నువ్వు ఎండనే కొట్టి పండబెట్టావు. శాన మొగుడి మీద ప్రేమ!"

"ఊరుకో చిట్టెమ్మా. నీ అన్న బయట తిరగతన్నాడని నీకూ సంతోషమే గదా."

"సంతోషమే. నలభై ఇళ్ళ పొయ్యిలార్పి ఒక్క మనిషిని టీ కొట్టుకు నడిపించావు. నీ కాలికి పసుపు రాసి మొక్కాల."

ఆ సాయంత్రం కొడుకు మాలకొండయ్య అన్నం ముందు కూర్చుని తినకుండా కెలుకుతా, "అమా, మడి పోతే నన్ను రొయ్యల చెరువు కాపలాకు పొమ్మంటావా? నాయన తొక్కిన మడి గట్టు మీద నిలబడి నేను కొంగల్ని తోలాలా?" అన్నాడు. కంచంలో అన్నం అట్టాగే ఉంచి లేచిపోయాడు.

మర్నాడు అంకమ్మ హైమ దగ్గరికి పోయింది. "హైమమ్మా, మాకు ఎండ కావాల. ఒక్క పది రోజులు."

హైమ మొహం వాడిపోయింది. "నాకు తెలుసు పెద్దమ్మా. మీకిది జరుగుతుందని నేను ముందే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. కానీ ఒక్కసారిగా ఆపకూడదు. ఇన్నాళ్ళూ మనం ఆపిపెట్టిన వేడి ఎక్కడికీ పోలేదు, భూమిని వేడెక్కించే పొగ రోజురోజుకూ పెరుగుతూనే ఉంది. ఆపితే ఎండ మెల్లగా రాదు, మీద దూకుతుంది. జనం ఒళ్ళు కూడా మూడేళ్ళుగా చల్లదనానికి మరిగింది."

"మాకు ఎండ కొత్తా ఏందమ్మా?"

"ఇప్పుడు కొత్తే."

అంకమ్మ అడిగింది. "కాలవ నీళ్ళకు మేం వంతులేసుకుంటాం గదా. ఎండక్కూడా వంతులేసుకోరాదా? ఈ నెల మా కొఠారు మీద కొంచెం కొంచెంగా మబ్బు పలచన చెయ్యండి. వచ్చే నెల ఇంకోళ్ళకు. మెట్ట రైతులు వాన పడట్లేదని ఏడుస్తున్నారంట, వాళ్ళకొక వంతు. టౌనోళ్ళు నెల రోజులు ఓర్చుకోలేరా?"

హైమ కుర్చీలోంచి లేచింది. కాగితం తీసి ఆ మాటను అంకమ్మ చెప్పినట్టే రాసుకుంది. లెక్కలు కట్టింది, వారం రోజులు కూర్చుని ఏ స్తంభాన్ని ఎప్పుడు ఎంత తగ్గించాలో పట్టీ గీసింది. పైన "ఎండకు వంతు" అని పేరు పెట్టి పై ఆఫీసుకు పంపింది.

ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. హైమ ఫోను చేసిన ప్రతిసారీ ఒకటే జవాబు. కమిటీ కూర్చోవాలి. ఏప్రిల్లో కమిటీ కూర్చుంది. లక్షలమంది చల్లగా ఉన్న ఊళ్ళ మీద నలభై కుటుంబాల కోసం ఎండ వదలడం కుదరదు, ఈ విషయం వచ్చే ఏడాది చూద్దాం అని రాసి పంపింది. ఆ కాగితాన్ని హైమే వచ్చి అంకమ్మకు చదివి వినిపించింది.

"వచ్చే ఏడాదికి మడులెక్కడుంటాయమ్మా?" అంది అంకమ్మ. అంతే అంది.

మే మొదటి వారంలో, పొద్దున్నే అందరూ చద్దన్నాలకు కూర్చున్న వేళ, అంకమ్మ ఒక్కతే స్తంభాలకు నీళ్ళు పోయే మడి దగ్గరకు పోయింది. నీళ్ళలో కాలు పెట్టింది. సున్నం ఇంకా దిగలేదు. ఇంకా ఒక పొద్దు ఆగాల. తూము తలుపు రెండు చేతులా పట్టుకుని పైకి లాగింది. సున్నం నీళ్ళు గొట్టంలోకి గుడగుడమంటా పోతుంటే చూస్తా నిలబడింది. పది రోజులు, మనసులో అనుకుంది. పది రోజులకు ఒక కోత వస్తది. కుప్ప పోసి చూపిస్తాం. మళ్ళీ మంచి నీళ్ళు వదుల్తా. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చిట్టెమ్మకు చెప్పలేదు, కొడుక్కూ చెప్పలేదు.

రెండో రోజుకు ఎనిమిది స్తంభాలు పూడినాయి. నాలుగో రోజుకు పద్దెనిమిదీ. దుప్పటి చిరిగింది, ఎండ దూకింది.

నిజంగానే దూకింది. అట్టాంటి ఎండను అంకమ్మ ఈ జన్మలో చూడలేదు. అయినా మడులు! మూడేళ్ళ ఆకలి తీరినట్టు నీళ్ళు చిక్కబడి, మూడో మడి అంచున తెల్లటి పూత లేచింది. మాలకొండయ్య గట్టు మీద ఎగిరి గంతేశాడు. చిట్టెమ్మ కొబ్బరికాయ కొట్టింది. "దేవుడు మనమీద దయ తలిచి మిషన్లు పాడుచేశాడు వదినా!" అంది. అంకమ్మ "అవును" అంది. ఇంట్లో ఏడుకొండలుకు తడి గోనెలు రెండు వేసింది, కుండలు రెండు పెట్టింది, గంటకోసారి వచ్చి ఒంటిమీద చెయ్యేసి చూసుకుంది. జాగ్రత్తలన్నీ పడ్డాననే అనుకుంది.

ఒంగోలు నుంచి కబుర్లు వచ్చినాయి. బస్టాండులో కూర్చున్న ముసలాయన కూర్చున్నట్టే పోయాడంట. పుచ్చకాయలు కోసే మనిషి బండిమీదే వాలిపోయిందంట. కొత్తగా కడుతున్న ఇంటి మీదినుంచి తాపీ మేస్త్రి జారిపడ్డాడంట. అంకమ్మ వింటూనే మడిలో ఉప్పు పలక లాగింది. చేతులు ఆగలేదు.

హైమకు నిద్రాహారాలు లేవు. మోటార్లు విప్పించింది, గాలి గొట్టాలు మార్పించింది, కరెంటు వైర్లు చూసింది. నాజిల్ విప్పితే తెల్లటి పొర. దాన్ని అరచేతిలో పట్టుకుని మడి దగ్గరికొచ్చింది. కళ్ళు గుంటలు పడినాయి.

"పెద్దమ్మా, నీళ్ళు సరిగ్గానే ఉన్నాయి గదా?"

గట్టు మీద ఇద్దరే ఉన్నారు. చెప్పాలంటే అదే సమయం. అంకమ్మ ఆ పిల్ల అరచేతిలో సున్నం వంక చూసింది, అటు మూడో మడిలో పూస్తున్న ఉప్పు వంక చూసింది. ఇంకా ఐదు రోజులు.

"ఉండాయమ్మా" అంది.

"నాకు తెలుసు" అంది హైమ. "నీ నీళ్ళలో తప్పుండదు. పైన గాలి చాలక తుంపర మొనలోనే ఎండిపోయి ఉంటుంది. నేనే ఎక్కి చూడాలి. జనం చచ్చిపోతున్నారు పెద్దమ్మా, కూలివాళ్ళను ఎక్కించి నేను కింద నిలబడలేను."

ఆరో రోజు మధ్యాహ్నం అంకమ్మ మడిలోంచి తలెత్తితే, స్తంభం కొసన హైమ పసుపు టోపీ కనిపించింది. దిగుతుందిలే అనుకుంది. పలక లాగుతున్న వరస సగంలో ఉంది, వదిలేస్తే ఉప్పు గట్టిపడుతుంది. ఆ వరస పూర్తి చేసి పోదామనుకుంది. పూర్తి చేసి తలెత్తితే పసుపు టోపీ అక్కడే ఉంది. కదలడం లేదు.

అంకమ్మ పరిగెత్తింది. ఉప్పు మడుల్లోంచి, పూసిన ఉప్పును తొక్కుకుంటా, అరుచుకుంటా పరిగెత్తింది. నలుగురెక్కి, బెల్టుకు వేలాడుతున్న హైమను దింపేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. నీళ్ళు పోశారు. ఆటోలో వేసుకుని పోయారు. దారి పొడుగునా అంకమ్మ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, "నీళ్ళే హైమమ్మా, నీళ్ళే, నేనే వదిలినా" అని చెప్పుకుంటా పోయింది. విన్నదో లేదో. ఆసుపత్రి గేటు దాకా ఊపిరి ఉంది. మంచం దాకా లేదు.

విచారణకు ముగ్గురు అధికారులు కారులో వచ్చారు. అంకమ్మ పిలవకముందే పోయి వాళ్ళముందు నిలబడింది.

"సున్నం దిగకముందే తూము తీశాను. కావాలనే తీశాను. నీళ్ళు బాగున్నాయని ఆ పిల్లతో అబద్ధం చెప్పాను."

పెద్దాయన కలం ఆపాడు. "నీళ్ళు పరీక్షించేది ఎవరమ్మా?"

"నేనే."

"దేంతో?"

"కాలితో."

చిన్న అధికారి నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. మెత్తగా చెప్పాడు. "చూడమ్మా, ఆవిడ పెద్ద శాస్త్రవేత్త. పద్దెనిమిది స్తంభాలను చదువురాని మనిషి కాలిని నమ్మి నడిపిందని నేను రాస్తే పైవాళ్ళు నన్ను పిచ్చివాడంటారు. చనిపోయినావిడ పరువైనా ఉండొద్దా?"

"పరువు కాదయ్యా. జరిగింది రాసుకోండి. వేలిముద్ర వేస్తాను."

"ఆవిడ నిన్ను తల్లిలాగా చూసుకుందని విన్నాం. ఆ బాధలో తప్పు నీ మీద వేసుకుంటున్నావు. ఇంటికి పో."

"అయ్యా, మిషన్ మంచిది! తప్పు మిషన్ది కాదు!"

ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి నడిపించారు. చిట్టెమ్మే. గుమ్మం దాటగానే చేతిని గట్టిగా నొక్కింది. "ఇంక నోరెత్తబాక వదినా. కుప్ప చూసి లీజు మళ్ళీ రాసిచ్చారు. వాళ్ళు వద్దంటుంటే నువ్వు తగుదునమ్మా అని పోయి చెప్పేదేంది?" తర్వాత గొంతు తగ్గించి, చెవిలో అడిగింది. "వచ్చే ఏడు కూడా పది రోజులు అట్టా చెయ్యగలవా?"

అంకమ్మ చెయ్యి విదిలించుకుంది.

నెల తిరక్కముందే కాగితం వచ్చింది. యంత్రం కట్టడంలోనే లోపం ఉందనీ, దానికి కట్టినవారిదే బాధ్యతనీ. కట్టినావిడ లేదు గనక కాదనేవాళ్ళూ లేరు. పద్దెనిమిది స్తంభాలనూ ఆపేశారు, వేరే రాష్ట్రంలో కట్టబోయేవి కూడా మానుకున్నారు. వంతుల పట్టీ ఏ బీరువాలో పడి ఉందో అడిగే మనిషే లేకపోయింది. తీరం పొడుగునా ఎండ ఎవరి వంతూ కాకుండా, అందరి మీదా ఒక్కలాగే కాస్తోంది.

ఏడుకొండలు మళ్ళీ లోపలి గదిలోకి వచ్చేశాడు. అంకమ్మ గోనెపట్టా తడిపి పిండి పైన కప్పుతుంటే, ఆయన కిటికీ రెక్క సందులోంచి తెల్లగా మండుతున్న వీధిని చూశాడు. సగం నాలుకతో, కూడబలుక్కుంటా అడిగాడు.

"మబ్బు... ఏదే?"

చేసిన తప్పు చెప్పుకుంటే దాన్ని తప్పుగానే వినేవాడు ఊళ్ళో ఈయనొక్కడే మిగిలాడనుకుంది అంకమ్మ. మంచం పక్కన నేలమీద కూలబడింది. "నేనే ఆపినానయ్యా. సున్నం నీళ్ళు వదిలి ఆపినా. ఆ పిల్లను కూడా నేనే చంపినా."

ఏడుకొండలు కళ్ళు మూసుకున్నాడు. గోనె నీళ్ళు చుక్కలు చుక్కలుగా మంచం కిందికి కారుతున్నాయి. తిడతాడనుకుంది. మొహం తిప్పుకుంటాడనుకుంది. ఆయన కళ్ళు తెరిచి, నలభై ఏళ్ళు ఎండాకాలం సాయంత్రాల్లో అడిగినట్టే అడిగాడు.

"ఉప్పు... బాగా పూసిందా?"

అంకమ్మ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

"పూసిందయ్యా" అంది. "ఎన్నడూ పూయనంత పూసింది."